చిక్కిపోతే జాలి, లావెక్కితే క్లాసు

మన చుట్టాల లెక్క చాలా సులువు. కష్టంలో ఉన్న మనిషి చిక్కిపోతే "పాపం, బెంగ పెట్టుకున్నాడు" అంటారు, అదే కష్టంలో ఒళ్ళు చేస్తే "దీనికేం, బాగానే తింటోంది" అంటారు. నాన్నకి గుండె ఆపరేషన్ అయ్యి, ఇంటికొచ్చాక కూడా నెలల తరబడి కోలుకోని రోజుల్లో మా తమ్ముడికీ నాకూ సరిగ్గా ఇదే జరిగింది. వాడికి ముద్ద దిగేది కాదు, కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయేవాడు. నేనేమో అందరూ పడుకున్నాక మిక్చర్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని సగం ఖాళీ చేసేదాన్ని, ఆకలేసి కాదు, ఊరికే కూర్చోలేక. మా మేనత్త వాడికి హార్లిక్స్ కలిపిచ్చింది, నన్ను పొద్దున్నే లేచి వాకింగ్‌కి వెళ్ళమంది. ఇద్దరిదీ ఒకే దిగులని ఆవిడకి తట్టనే లేదు.

ఉన్నట్టుండి భయమో షాకో తగిలితే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, రక్తం కండరాల వైపు మళ్ళుతుంది, అరుగుదల పని వెనక్కి పోతుంది, మెదడులో విడుదలయ్యే సీఆర్‌హెచ్ అనే హార్మోను ఆకలిని నొక్కేస్తుంది. పరీక్ష రోజు పొద్దున ఇడ్లీ గొంతు దిగనిది అందుకే. కానీ అదే టెన్షన్ వారాలూ నెలలూ సాగితే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనుది పైచేయి అవుతుంది, చాలామందిలో ఆకలి పెరుగుతుంది, అదీ తీపి మీదికీ నూనె సరుకు మీదికీ. దిగులుగా ఉండి బీరకాయ కూర అడిగిన మనిషిని నేనైతే ఇంతవరకూ చూడలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో మేరీ డాల్మన్ బృందం ఎలుకల మీద పరిశోధించి 2003లో చెప్పింది ఏంటంటే, ఇలాంటి తిండి ఒత్తిడి హార్మోన్ల జోరుని నిజంగానే కాస్త తగ్గిస్తుందట, కాకపోతే పొట్ట చుట్టూ కొవ్వు పేరుతుంది. కాబట్టి అర్ధరాత్రి మిక్చర్‌ని ఉత్త జిహ్వచాపల్యం అనేస్తే నేను ఒప్పుకోను.

ఒకే ఇంట్లో ఒకరు తినడం మానేసి ఇంకొకరు తినడం పెంచడం వింతేం కాదు, ఒకే మనిషి ఒకసారి అలా, ఇంకోసారి ఇలా ఉండటమూ మామూలే.

దీనికి నిద్ర తోడవుతుంది, అసలు గొడవంతా అక్కడే అని నా అనుమానం. షికాగో యూనివర్సిటీలో 12 మంది కుర్రాళ్ళని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూశారు, ఫలితాలు 2004లో వచ్చాయి. పది గంటలు పడుకునే వీలున్నప్పటితో పోలిస్తే కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. చిన్న ప్రయోగమే, కానీ నైట్ షిఫ్టులు చేసేవాళ్ళకీ, ఆసుపత్రి కుర్చీల్లో రాత్రుళ్ళు గడిపినవాళ్ళకీ ఆ లెక్క వింటే తమ సంగతే చెబుతున్నట్టు ఉంటుంది.

డైటింగ్ ఏమీ చేయకుండా నెలలో ఒంటి బరువు 5 శాతం మించి మారితే, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలకి పైగా తగ్గినా పెరిగినా, డాక్టర్లు దాన్ని డిప్రెషన్ లక్షణాల్లో ఒకటిగా చూస్తారు. అదొక్కటే సరిపోదు, మిగతా లక్షణాలూ ఉండాలి. థైరాయిడ్, షుగర్ కూడా బరువుని మార్చేస్తాయి కాబట్టి ముందు రక్తపరీక్ష చేయించుకోవడం మేలు. మనోవ్యాధికి మందు లేదన్న సామెత పట్టుకుని కూర్చోకండి, మందూ ఉంది, మాట్లాడే మనుషులూ ఉన్నారు. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మందులతోనూ ఒక చిక్కుంది, మిర్టజాపిన్, ఒలాంజపిన్ లాంటివి ఆకలిని బాగా పెంచుతాయి, అలాగని మీ అంతట మీరు మానేయకుండా డాక్టరుకి చెబితే డోసో మాత్రో మార్చే వీలుంటుంది. చుట్టాలకి ఇదంతా వివరించక్కర్లేదు, "థైరాయిడ్" అనేయండి, వెంటనే ఎవరికి ఎంత డోసో చెప్పుకోవడంలో పడి మిమ్మల్ని వదిలేస్తారు.