తాతగారి వెబ్లీ నా పేరు మీదికి వచ్చేసరికి

మా ఇంట్లో చిన్నప్పటినుంచీ వింటున్న కథ ఒకటుంది. 1942లో ఎవరో తెల్లదొర బదిలీ మీద వెళ్ళిపోతూ, మా తాతగారి మీద అభిమానం కొద్దీ తన వెబ్లీ (అదొక ఇంగ్లీషు కంపెనీ) రివాల్వరు ఆయన చేతిలో పెట్టి వెళ్ళాడని. మా మేనత్త అయితే ఆ దొర టోపీ రంగుతో సహా చెప్పేది. నాన్న 2021లో పోయాక ఆ రివాల్వరు నా పేరు మీదికి మార్పించుకోవడానికి రెండేళ్ళు తిరిగాను. ఆ తిరుగుడులో తుప్పు వదిలింది, పనిలోపనిగా దొరగారి కథ కూడా వదిలిపోయింది.

దినకార్యాలు అయిన మూడో రోజు బావ పక్కకి పిలిచి, "బీరువాలో అదింకా ఉందా? లైసెన్సు ఉన్న మనిషి పోయాక ఇంట్లో ఉంచుకుంటే కేసవుతుంది, ముందు స్టేషన్లో ఇచ్చెయ్" అన్నాడు. అమ్మ అయితే ఇచ్చేసి ఇక మర్చిపొమ్మంది, "ఆ ఇనప ముక్కతో మనకేం పనిరా" అని. నేను వినలేదు. కానీ బావ చెప్పింది మాత్రం నిజమే, ఆయుధాల చట్టం 21వ సెక్షన్ అదే చెబుతుంది. బావకీ నాకూ అప్పుడు తెలియనిదేమిటంటే, అదే సెక్షన్ ప్రకారం లైసెన్సున్న ఆయుధాల దుకాణంలో కూడా డిపాజిట్ చేయవచ్చు. నెలనెలా కొంత అద్దె తీసుకుంటారు కానీ నూనె గుడ్డతో తుడిచి పెడతారు. స్టేషన్లో ఎవరు తుడుస్తారు? వాళ్ళ పని అది కాదు కూడా. నేను స్టేషన్లోనే తోలు సంచీతో సహా ఇచ్చి, రసీదు తీసుకుని, హమ్మయ్య అనుకుని వచ్చేశాను.

ఎనిమిది నెలల తర్వాత అనుమతి కాగితం సంపాదించి విజయవాడలో ఒక దుకాణానికి మార్పిస్తుంటే చూశాను. తోలు సంచీలోంచి లాగితే రాలేదు. గట్టిగా లాగితే ఎర్రటి పొడి రాలుతూ వచ్చింది. పాత తోలులో దాన్ని పదును చేయడానికి వాడిన పదార్థాలు, ఉప్పు ఉంటాయి, పైగా అది గాలిలో తేమని పీల్చి పట్టుకుంటుంది. మా గోదావరి వైపు వానాకాలం తేమలో తుపాకీని తోలు సంచీలో పెట్టడమంటే తడిగుడ్డలో చుట్టి పెట్టినట్టేనట. ఇది ఆ దుకాణంలో పనిచేసే పెద్దాయన తిట్టినట్టుగా చెప్పిన మాట. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు, నేనూ అలాగే పిలిచాను.

ఈలోపు కాగితాల గొడవ. 2016 ఆయుధాల నిబంధనల్లో వారసులకి లైసెన్సు ఇచ్చే దారి విడిగా ఉంది (25వ నిబంధన). లైసెన్సుదారు పోయినప్పుడే కాదు, ఆయనకి డెబ్భై ఏళ్ళు నిండినా, ఆ ఆయుధం ఇరవై అయిదేళ్ళు ఆయన దగ్గరున్నా, బతికుండగానే వారసుడి పేరు మీదికి మార్చుకోవచ్చు. నాన్న ఉండగా ఈ సంగతి మాకు తెలిసుంటే, పక్కనే కూర్చుని ఆయనే సంతకం పెట్టేవారు. తెలియలేదు. కాబట్టి మరణ ధ్రువపత్రం, తహశీల్దారు దగ్గర వారసుల పత్రం, అమ్మా చెల్లీ తమకి అభ్యంతరం లేదని స్టాంపు కాగితం మీద రాసిచ్చిన అఫిడవిట్లు, మతి స్థిమితంగానే ఉందని డాక్టరు సర్టిఫికెట్, రైఫిల్ క్లబ్బులో భద్రతా శిక్షణ, ఎ-1 ఫారం, పోలీసు విచారణ. ఇవి విసుగే తప్ప కష్టం కాదు. చెల్లి సంతకం పెడుతూ "నగలకి కూడా ఇన్ని సంతకాలు అడగలేదన్నయ్యా" అంది, అదొక్కటే గుర్తుంది.

అసలు టెన్షన్ రెండు చోట్ల వచ్చింది.

మొదటిది, నాన్న లైసెన్సు పుస్తకంలో బోరు (గొట్టం లోపలి కొలత) రాసిన చోట ఎప్పుడో నీళ్ళు పడ్డాయి. చుక్క, మూడు, ఆ తర్వాత సిరా మరక. అది రెండా ఎనిమిదా? లైసెన్సులు చూసే ఆఫీసులో గుమాస్తా గారు పుస్తకాన్ని వెలుతురుకి పట్టి చూసి, ".38 లాగే ఉందండి, అయితే ఇది మా చేతిలో లేదు" అన్నారు. మన దేశంలో .38, .455 రివాల్వర్లు నిషిద్ధ బోరు కిందికి వస్తాయి, వాటి ఫైళ్ళు ఢిల్లీలో కేంద్ర హోం శాఖ చూడాలి. .32 అయితే జిల్లాలోనే అయిపోతుంది. ఒక్క అంకె తేడా. ఆయన అనుమానం తీసెయ్యదగ్గది కూడా కాదు, ఎందుకంటే వెబ్లీ వాళ్ళ మార్క్ ఫోర్ మోడల్ ఒకే ఆకారంలో రెండు బోర్లలోనూ వచ్చింది. .38ది రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యానికి పెద్ద ఎత్తున చేశారు, .32ది బయట మార్కెట్‌కి. బల్ల మీద పెట్టి దూరంనుంచి చూస్తే నాలాంటివాడికి తేడా తెలియదు.

రెండోది ఇంకా చిరాకు. దుకాణం వాళ్ళు రాసిచ్చిన నంబరుకీ, లైసెన్సు పుస్తకంలో నంబరుకీ ఒక అంకె తేడా. పుస్తకంలో ఏడు, ఇనుము మీద ఒకటి. నంబరు కలవకపోతే అది వేరే తుపాకీ అన్నట్టే లెక్క, మరి నాన్న పేరు మీదున్న తుపాకీ ఏమైనట్టు? గుమాస్తా గారు ఈ ప్రశ్న చాలా మర్యాదగానే అడిగారు. నాకు మాత్రం చెమటలు పట్టాయి. పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోవడంతో తాతగారి కాలం నాటి ఫైలు పాత జిల్లా కేంద్రంలో ఉండిపోయింది, అక్కడ అడిగితే కొత్త జిల్లాకి పంపేశామన్నారు, ఇక్కడ అడిగితే రాలేదన్నారు.

ఇక ఇనుమునే అడగాల్సి వచ్చింది.

లైసెన్సు రానంతవరకూ నేను దాన్ని ముట్టుకోకూడదు. బాగుచేయడం అసలు నా పనే కాదు, మరమ్మతుకి కూడా చట్టంలో విడిగా లైసెన్సు ఉండాలి, అది దుకాణానికి ఉంది. అందుకని నేను బల్లకి ఇవతల ప్లాస్టిక్ కుర్చీలో, ఉస్తాద్ అవతల. అలా నాలుగు ఆదివారాలు. మొదటి రోజు ఆయన చేసిందల్లా గుళ్ళు లేవని రెండుసార్లు చూసుకుని, మొత్తం పల్చటి నూనెలో తడిపి గుడ్డ చుట్టి పక్కన పెట్టడమే. "తుప్పుని గీకితే ఇనుమూ పోతుంది బాబూ, నాననీ" అన్నారు. వెబ్లీ మధ్యలో మడత పడి తెరుచుకునే రకం. ఎడమవైపు మీట బొటనవేలితో నొక్కితే గొట్టం ముందుకి వంగుతుంది, వంగుతుండగానే వెనక నక్షత్రం లాంటి పళ్ళెం లేచి ఖాళీ తూటాలని బయటికి తోస్తుంది. మాది వంగింది కానీ ఆ నక్షత్రం లేవలేదు, అతుక్కుపోయింది. వారం నానాక టప్ మని లేచింది. ఆ చప్పుడుకి ఉస్తాద్ నవ్విన నవ్వు చూడాలి.

మరలు తీసేటప్పుడు ఆయన ఓపిక చూశాను. ఇంగ్లీషు తుపాకుల మరల తలమీది గాడి చాలా సన్నగా ఉంటుంది, బజారు స్క్రూడ్రైవరు పెడితే జారి అంచులు చెదురుతాయి. ఆయన ప్రతి మరకీ ఒక పాత స్క్రూడ్రైవరు మొన ఆకురాయి మీద అరగదీసి, గాడిలో పెట్టి చూసి, మళ్ళీ అరగదీసి, కదలకుండా కూర్చున్నాకే తిప్పారు. లోపల స్ప్రింగు ఇంగ్లీషు 'వి' అక్షరం ఆకారంలో ఉంటుంది, దాన్ని బిగింపు లేకుండా తీస్తే విరుగుతుందట, విరిగితే దొరకదట. తుప్పు మచ్చలకి నూనె, అతి సన్నటి ఇత్తడి పీచు. ఇనప పీచు కాదు. ఇత్తడి మెత్తన కాబట్టి నల్లరంగు మీద గీత పడదు, తుప్పు మాత్రం లేస్తుంది. అయినా సంచీ అంచు తగిలిన చోట గుంటలు పడిపోయాయి, వాటిని ఆయన అలాగే వదిలేశారు. బావ ఫోన్లో ఫొటో చూసి "నికెల్ పూత వేయించేద్దాం, తళతళలాడుద్ది" అన్నాడు. ఉస్తాద్ ఆ మాటకి జవాబు కూడా చెప్పలేదు. పూత వేయాలంటే ముందు మొత్తం సాన పట్టాలి, సాన పడితే అక్షరాలు అరిగిపోతాయి, నాకు కావాల్సింది ఆ అక్షరాలే కదా.

మూడో ఆదివారం గొట్టం మీద తుప్పు లేచాక, భూతద్దం కింద .32 అని స్పష్టంగా కనబడింది. లేచి కుర్చీ తన్నేశాను. ఫ్రేము మీద నంబరులో అది ఒకటే, ఏడు కాదు, కానీ తల మీద చిన్న కొక్కెం ఉన్న ఒకటి. చేత్తో కాపీ చేసేవాడు ఏడనుకోవడంలో వింత లేదు.

ఆ పక్కనే చిన్న కిరీటం, దాని కింద మూడు ఇంగ్లీషు అక్షరాలు, బీ, ఎన్, పీ. ఉస్తాద్ దాన్ని చూపించి "మీ తాతగారు ఎప్పుడు కొన్నారు దీన్ని?" అన్నారు. కొనలేదండీ, 1942లో దొర ఇచ్చాడు అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచీ ఒక పరీక్షా కేంద్రం ఉంది, అక్కడ తయారయ్యే తుపాకులకి మామూలుకంటే ఎక్కువ మందు దట్టించి పేల్చి, తట్టుకుంటే ముద్ర కొడతారు. 1904 నుంచి 1954 దాకా ఆ ముద్రలు కిరీటం కింద రెండేసి అక్షరాలతో విడివిడిగా ఉండేవి. మూడక్షరాలూ కలిసి ఒకే కిరీటం కిందికి వచ్చింది 1954లోనే. అంటే స్వాతంత్ర్యం వచ్చి ఏడేళ్ళయ్యాక పుట్టిన రివాల్వరుని ఏ దొరా 1942లో ఇచ్చి ఉండడు.

ఇంటికొచ్చి అమ్మకి చెబితే, ఆవిడ ఆశ్చర్యపోకుండా "మీ తాతగారి ట్రంకుపెట్టెలో చూశావా" అంది. చూడలేదు. పట్టుచీరల కింద వేసిన పాత పేపర్ల అడుగున తాతగారి మొదటి లైసెన్సు పుస్తకం, దాంతోపాటు మద్రాసులో ఒక దుకాణం 1958లో ఇచ్చిన రసీదు. బోరు .32. నంబరులో ఒకటి. తాతగారి పుస్తకం నిండిపోయి నాన్న పేరు మీద కొత్తది రాసినప్పుడు ఎవరి చేయో జారింది, ఆ తర్వాత ప్రతి రెన్యువల్‌లోనూ ఆ ఏడునే ఏడుగా దింపుకుంటూ వచ్చారు, మేము ఒక్కసారి కూడా ఇనుముతో సరిచూసుకోలేదు. మేనత్తకి రసీదు చూపిస్తే కాసేపు ఊరుకుని, "అయితే ఆ దొర ఇంకేదో ఇచ్చుంటాడులే" అంది. దొంగలు భయపడాలని తాతగారే ఆ కథ పుట్టించారని నా అనుమానం.

రసీదు, మొదటి పుస్తకం, దుకాణం వాళ్ళ పరీక్ష కాగితం, నంబరు ఫొటో పెట్టి దరఖాస్తు మళ్ళీ ఇచ్చాను. పోలీసులు దుకాణానికి వచ్చి స్వయంగా చూసి పంచనామా రాసుకున్నారు. గుమాస్తా గారు ఆ రసీదుని చాలాసేపు చూసి "మా నాన్న పుట్టిన ఏడాదండీ" అన్నారు. ఆ రోజునుంచి ఫైలు కదిలింది. 2023 డిసెంబరులో లైసెన్సు చేతికొచ్చింది, 2019 సవరణ తర్వాత గడువు మూడేళ్ళు కాదు, అయిదేళ్ళు. బీరువాలో దొరికిన చిలుము పట్టిన పదకొండు తూటాలు మాత్రం నాన్న పోయినప్పుడే స్టేషన్లో ఇచ్చేశాం, వాటిని తిరిగి అడగలేదు.

మూడు నెలలు ఇంట్లో ఉందో లేదో, 2024 మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది, ఆయుధాలు అప్పగించమన్నారు. ఈసారి తోలు సంచీ లేదు. నూనె రాసి, నూలుగుడ్డ చుట్టి, నేరుగా ఉస్తాద్ దుకాణానికే తీసుకెళ్ళాను. కొత్తగా చేరిన కుర్రాడు రసీదు రాసిచ్చాడు. మడిచి జేబులో పెట్టుకోబోతూ ఎందుకో చూశాను, ఒకటి మళ్ళీ ఏడైంది. అక్కడే నిలబడి దిద్దించుకుని, పక్కన సంతకం కూడా పెట్టించుకుని బస్సెక్కాను.