కీళ్ళ నొప్పికి వెళ్తే కడుపు గురించి అడిగారు

తడిసిన తువ్వాలు పిండలేకపోయిన రోజున నాకు భయం వేసింది. పొద్దున లేవగానే రెండు చేతుల వేళ్ళ కణుపులు బిగుసుకుపోయి, పిడికిలి పూర్తిగా మూతపడడానికి గంటకు పైగా పట్టేది. అంతకు ముందు ఏడాదిగా కడుపు ఉబ్బరం, అరుచి, రెండు మూడు రోజులకు ఒకసారి గాని విరేచనం కాకపోవడం ఉన్నాయి గాని, వాటికీ వేళ్ళ నొప్పికీ పొత్తు ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు.

కీళ్ళ వైద్యుడు చేయించిన రక్తపరీక్షల్లో ఒంట్లో వాపును సూచించే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ కొంచెం ఎక్కువగా ఉన్నాయి. రుమటాయిడ్ కీళ్ళవాతాన్ని గుర్తించడానికి చేసే రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ పరీక్షలు రెండూ నెగెటివ్‌గా వచ్చాయి. అయినా ఆ జబ్బేనని గాని కాదని గాని అప్పుడే తేల్చలేమనీ, 3 నెలల తరువాత మళ్ళీ చూద్దామనీ చెప్పి నొప్పి మాత్రలు రాశారు. మాత్ర వేసుకున్న పూట వేళ్ళు కదిలేవి. అయితే ఆ తరగతి మందులు వాపును తగ్గించడంతో పాటు జీర్ణాశయపు లోపలి పొరకు ఉన్న రక్షణను కూడా తగ్గిస్తాయి కనుక, రెండు వారాలు తిరిగేసరికి ఉబ్బరానికి గుండెల్లో మంట తోడైంది. ఆ మంటకు మరో మాత్ర వచ్చి చేరిన తరువాత, ఆ వైద్యుడికి చెప్పే, ఆయుర్వేద వైద్యురాలి దగ్గరకు వెళ్ళాను.

నూనె మర్దన చెబుతారనుకున్నాను. ఆవిడ నా చేతులు చూసింది అన్నిటికన్నా చివరన. ముందు నాలుక చూపమన్నారు. దాని మీద తెల్లటి పూత దళసరిగా ఉంది. "తిన్నది అరిగిందని మీకెలా తెలుస్తుంది?" అని అడిగారు. నేను గడియారం చూసి తినేవాణ్ణే గాని ఆకలి చూసి తినేవాణ్ణి కాను, అందుచేత ఏమీ చెప్పలేకపోయాను. తేనుపు తిన్నదాని వాసన లేకుండా రావడం, ఒళ్ళు తేలికపడడం, మలమూత్రాలు సాఫీగా కావడం, ఆకలీ దప్పికా వాటంతటవే కలగడం అరుగుదలకు గుర్తులనీ, అవి కనబడే దాకా మళ్ళీ తినవద్దనీ చెప్పారు.

ఆవిడ నా బాధకు పెట్టిన పేరు ఆమవాతం. జఠరాగ్ని, అంటే తిన్నదాన్ని అరిగించే శక్తి, మందగించినప్పుడు తిన్నది పూర్తిగా పచనం కాక జిగురు లాంటి ఆమంగా మిగులుతుందనీ, వాత, పిత్త, కఫాలనే మూడు దోషాల్లో కదలికకు మూలమైన వాతం దాన్ని మోసుకుపోయి, కఫం ఉండే చోట్లయిన కీళ్ళలో నిలుపుతుందనీ ఆయుర్వేదం చెబుతుంది. రోగ లక్షణాలను వివరించే పాత ఆయుర్వేద గ్రంథం మాధవనిదానంలో ఈ రోగానికి విడిగా ఒక అధ్యాయమే ఉంది. ఒళ్ళు నొప్పులు, అరుచి, దప్పిక, బద్ధకం, బరువు, జ్వరం, అజీర్ణం, వాపు అని అందులో చెప్పిన లక్షణాల్లో జ్వరం తప్ప మిగిలినవన్నీ నాకున్నాయి. ముదిరితే తేళ్ళు కుట్టినట్టు నొప్పి పుడుతుందన్న మాట కూడా అక్కడిదే. ఆమం ఏ రక్తపరీక్షలోనూ అంకెగా కనబడదు. నేను దాన్ని కడుపునూ కీళ్ళనూ కలిపి చూసే ఒక చూపుగానే తీసుకున్నాను తప్ప, నా ఈఎస్‌ఆర్‌కు అదే కారణమని ఈనాటికీ అనను.

చికిత్స క్రమం నా ఊహకు తలకిందులుగా నడిచింది. ముందు లంఘనం, అంటే తేలికపాటి ఆహారం. పెరుగు, మినుములు, బెల్లం, చేపలు పూర్తిగా బంద్. భోజనానికి ముందు వేడినీళ్ళతో వైశ్వానర చూర్ణం, అందులో సైంధవ లవణం, వాము, అజమోదం, శొంఠి, కరక్కాయ ఉంటాయి. ఆమం ఉన్నంత కాలం నూనె మర్దన చేయకూడదని ఆవిడ మరీ మరీ చెప్పారు. నేను వినలేదు. అయిదో రోజు రాత్రి మోకాళ్ళకూ పాకిన నొప్పి ఓర్చుకోలేక నువ్వుల నూనె కాచి వాటికి బాగా పట్టించి పడుకున్నాను. తెల్లవారేసరికి వాపు పెరిగి, మెట్లు దిగడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. నూనె వల్లనే పెరిగిందో, ఎలాగూ పెరగవలసిన రోజే అదో తెలియదు గాని, ఆవిడ మాత్రం నన్ను కోప్పడకుండా ఇసుక కాపడం నేర్పారు.

సన్నని ఇసుకను జల్లించి, ఇనప మూకుడులో వేయించి, దళసరి నూలు గుడ్డలో పిడికిలంత మూట కట్టాలి. ముందు మన ముంజేతి మీద ఆనించి చూసుకుని, వేడి ఓర్చుకోగలిగినప్పుడే కణుపుల మీద అద్దాలి. రెండు మూటలు ఉంటే ఒకటి చల్లారే లోపు రెండోది సిద్ధమవుతుంది. మొదటిసారి తొందరలో పలచటి గుడ్డ వాడినందుకు మణికట్టు మీద రూపాయి బిళ్ళంత బొబ్బ లేచింది.

పదో రోజు నుంచి పడుకునే ముందు శొంఠి కషాయంలో ఆముదం ఇచ్చారు. శరీరమనే అడవిలో తిరిగే ఆమవాతమనే ఏనుగును చంపే సింహం ఆముదమొక్కటే అని ఒక పాత శ్లోకం ఉందట. ఆ సింహం మాత్రం పెదవులకు అంటుకుని, ఎన్ని నీళ్ళు పుక్కిలించినా గొంతులో జిడ్డుగా నిలిచేది. మొదటి తెల్లవారుజామున నాలుగుసార్లు వెళ్ళవలసి వచ్చి నీరసపడ్డాను, అందుచేత మోతాదు తగ్గించారు. ఆ వారం చివరిలో, ఎన్నో నెలల తరువాత, మధ్యాహ్నం కాకముందే నిజంగా ఆకలి వేసింది.

తరువాతి దశలో రాస్నాసప్తక కషాయం, గుగ్గులు అనే చెట్టు బంక కలిసిన సింహనాద గుగ్గులు ఇచ్చారు. కషాయంలోని ఏడు ద్రవ్యాల్లో తిప్పతీగ ఒకటి. అది వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికల్లో వచ్చాయి కనుక, వాడే ముందూ, 6 వారాల తరువాతా కాలేయ పరీక్ష చేయించమన్నది ఆవిడే. పాదరసం, సీసం వంటివి కలిసే రసౌషధాలేవీ నాకు వద్దన్నాను. అవసరం లేదనే ఆవిడ కూడా అన్నారు. తెలిసినవారొకరు పేరు లేని పొట్లంలో "రెండు రోజుల్లో నొప్పి పోతుంది" అంటూ తెచ్చిన పొడిని చూపిస్తే, అంత వేగంగా పనిచేసే పేరు లేని పొడిలో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చునని చెప్పి, ముట్టవద్దన్నారు.

3 నెలలకు కీళ్ళ వైద్యుడు మళ్ళీ పరీక్షలు చేయించారు. సీఆర్‌పీ మామూలుకు వచ్చింది, ఈఎస్‌ఆర్ కాస్త ఎక్కువగానే ఉంది. నొప్పి మాత్ర రోజూ అవసరం లేదనీ, అవసరమైన రోజునే వేసుకొమ్మనీ ఆయనే అన్నారు. వీటికి మందు కారణమో, ఆహారం కారణమో, బాధ తనంతట తాను తగ్గిందో విడదీసి చెప్పగల దారి నా దగ్గర లేదు. పొద్దుటి బిగువు ఇప్పుడు పది నిమిషాల్లో సడలుతుంది, తువ్వాలు పిండగలుగుతున్నాను. కుడి చూపుడు వేలి మధ్య కణుపు ఇంకా లావుగానే ఉంది. ఇసుక డబ్బాను వంటింటి అరలో నుంచి తీయలేదు.