బకెట్ అంచు తెలుపు

పదకొండు దాటింది. పిల్లది ఇప్పుడే పడుకుంది.

బాత్రూం బకెట్ అంచున పేరుకున్న తెల్ల పొర ఏమిటన్నది అత్తమ్మకీ నాకూ గొడవ. "గది సున్నం పిల్లా, చింతపండు పెట్టి రుద్దితే పోతది" అని అత్తమ్మ. కాదు, మన బోరు నీళ్ళలోని కాల్షియం, సబ్బులోని స్టియరేటు (కొవ్వు ఆమ్లపు లవణం) కలిసి పేరుకున్న కాల్షియం సబ్బు అని నేను. వారం నుంచీ ఇదే. ఇవాళ కొంచెం గీకి, పొట్లం కట్టి ల్యాబ్‌కి పట్టుకెళ్ళా.

శాంపిల్ ఏ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పీల్చుకుంటుందో చూపే గీతే స్పెక్ట్రమ్. అది తీయడానికి శాంపిల్‌ని పొటాషియం బ్రోమైడ్ పొడితో నూరి, ప్రెస్ చేసి బిళ్ళ (పెల్లెట్) చేస్తాం. వెళ్ళేసరికి ఆ పొడి సీసా మూత తీసి బల్ల మీద ఉంది. అసలే ముసురు. ఆ పొడి ఉప్పులాగే చెమ్మ లాగేస్తుంది, డెసికేటర్‌లో (చెమ్మ చేరని మూత గాజు పాత్రలో) పెట్టాలని అందరికీ తెలుసు. మొదటి పెల్లెట్ మసకగా వచ్చింది, స్పెక్ట్రమ్‌లో 3400 (తరంగ సంఖ్య) దగ్గర నీటి గుట్ట. ఓవెన్‌లో ఆరబెట్టి, మళ్ళీ నూరి, మళ్ళీ ప్రెస్ చేస్తే రెండోది పగిలింది. అడిగితే నలుగురిదీ ఒకటే మాట, "నేను కాదు మేడం". మరి దెయ్యం తీసిందా మూత? మెషీన్ మీద నాకిచ్చిన పొద్దుటి స్లాట్ అంతా దానికే సరి.

మూడో పెల్లెట్‌కి స్పెక్ట్రమ్ వచ్చింది. 1577, 1541 దగ్గర కాల్షియం స్టియరేటు జంట శిఖరాలు ఉన్నాయి, కానీ బక్కగా. 1420 దగ్గర పెద్ద కొండ, 875 దగ్గర సూది మొన. అవి కాల్షియం కార్బొనేటువి. అంటే సున్నమే! చింతపులుపుకి కరిగేదీ అదే.

మర్రిగూడలో అమ్మమ్మ నాకు సబ్బుతో తలంటేది కాదు. బోరు నీళ్ళకి నురగ రాదు, జుట్టు జిగురు పట్టి అట్ట కడుతుంది. చూరు కింద గంగాళం పెట్టి వాన నీళ్ళు పట్టేది, అవి అయిపోతే బోరు నీళ్ళే. ఏ నీళ్ళయినా కుంకుడు రసమే. కళ్ళు మండి నేను ఏడిస్తే "నోరు మూసుకో, నురగ నోట్లకు పోతది" అనేది. కుంకుడులో నురగ తెచ్చే సపోనిన్ కొవ్వు ఆమ్లపు లవణం కాదు, కాల్షియం దాన్ని విరగ్గొట్టలేదు. ఆ సంగతి నాకు ఎమ్మెస్సీలో తెలిసింది. ఆమెకి నురగ చూస్తే తెలిసింది.

మధ్యాహ్నం నా అసలు పని శాంపిల్, కాల్షియం స్టియరేటు, వేడి చేశా. 120 డిగ్రీలు దాటాక జంట శిఖరాలు ఒకటైపోయాయి, స్టియరేటు పొడవాటి కార్బన్ తోకల శిఖరం 2918 కాస్త పైకి జరిగింది. కాల్షియం పొర పట్టు వదల్లేదు, తోకలు మాత్రం సడలాయి. బాగుంది.

ఇంటికొచ్చేసరికి బకెట్ మెరుస్తోంది, పక్కన చింతపండు పిప్పి. నేనేం మాట్లాడలేదు. కానీ వేలితో రాస్తే జారుడుగా ఒక పొర ఇంకా ఉంది. రేపు అది గీకుతా.