గొట్టం చూసి కొన్న తుపాకి

శనివారం తెల్లవారుజామున అట్లాంటా నుంచి బయల్దేరాం, నేనూ మా బామ్మర్దీ. ఐ-20 హైవే ఎక్కితే అలబామాలోని ఆనిస్టన్ దాకా తిన్నగా పడమటికే దారి. సుమారు 90 మైళ్ళు. వెళ్తున్నది తుపాకి కొనడానికి. పాత సైనిక తుపాకి, శనివారాలు రేంజికి వెళ్ళి కాగితం మీద గురి చూసుకోవడానికి. వేటంటే నాకు ఇష్టం లేదు. ఇంటి రక్షణ కోసమూ కాదు. గురి కుదిరినప్పుడు మనసుకి కలిగే నెమ్మది కోసం.

ఈ ఇష్టం కాలేజీలో ఎన్‌సీసీతో మొదలైంది. .22 రైఫిల్, నేల మీద బోర్లా పడుకోవడం, మనిషికి ఐదు తూటాలు. "బుల్స్ ఐ కొట్టావా లేదా అని కాదు, ఐదూ ఒకచోటే పడ్డాయా లేదా చూడు" అనేవారు మా హవల్దారుగారు. ఆ ఐదు చిల్లులూ ఒక రూపాయి బిళ్ళ కింద దాగిన రోజు నాకు ఇంకా గుర్తుంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు తుపాకి ముట్టుకునే వీలే రాలేదు. మన దగ్గర పోలీసుల భుజాన కనిపించే త్రీ నాట్ త్రీ మామూలు పౌరుడికి నిషిద్ధ బోరు. లైసెన్సున్నా అది చేతికి రాదు. ఇక్కడ పౌరసత్వం వచ్చాక ఒక రైఫిల్ క్లబ్బులో చేరాను. రెండేళ్ళు అడిగి తీసుకున్న తుపాకులతోనే కాల్చాను. ఇక సొంతానికి ఒకటి కొనుక్కోవాలనిపించింది.

"బావా, డెబ్భై ఏళ్ళ నాటి తుపాకి కోసం ఇంత దూరమా? ఆ డబ్బుకి కొత్తదే వస్తుంది కదా" అన్నాడు మావాడు, సరిహద్దు దగ్గరపడుతుండగా.

ఆ ప్రశ్న క్లబ్బులో నన్ను చాలామంది అడిగారు. చవకైన పాత సైనిక రైఫిల్ అంటే ఒకప్పుడు అందరూ మోసిన్-నగాంట్ పేరు చెప్పేవారు. రష్యా సైన్యం 1891లో తీసుకున్న బోల్టు తుపాకి అది, అంటే ఒక్కో తూటాకీ చేత్తో బోల్టు లాగాల్సింది. అమెరికాలో చాలాకాలం వంద డాలర్ల లోపే దొరికింది. ఆ రోజులు పోయాయి. పైగా దాని పాత మిలిటరీ తూటాల్లో మందుని రాజేసే ప్రైమర్ కాలాక గొట్టంలో ఉప్పు మిగులుతుంది. కాల్చిన రోజే నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయకపోతే తుప్పు పట్టేస్తుంది. వారమంతా ఆఫీసు పని ఉన్నవాడు ఒక్కరోజు బద్ధకించినా గొట్టం పోయినట్టే. నాకు కావలసింది తూటాలు సులువుగా దొరికేది, విడిభాగాలున్నది, అమ్మేవాళ్ళే ముందుగా కొలిచి చూసినది. అలా చూస్తే అమెరికా సైన్యం పాత రైఫిల్ ఎం1 గారండ్ తేలింది.

గారండ్‌ని సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రాం అమ్ముతుంది. అందరూ సీఎంపీ అంటారు. సైన్యంలో చేరేముందే పౌరులకి గురి నేర్పాలని 1903లో అమెరికా ప్రభుత్వం మొదలుపెట్టిన పనికి ఇది వారసురాలు. 1996లో కాంగ్రెస్ చేసిన చట్టంతో లాభాపేక్ష లేని సంస్థగా విడిగా ఏర్పడింది. సైన్యానికి అక్కర్లేని పాత రైఫిళ్ళు వీళ్ళకి వస్తాయి. శుభ్రం చేసి, కొలిచి, గ్రేడులు కట్టి అమ్ముతారు. ఆ డబ్బు పిల్లలకి గురి నేర్పే కార్యక్రమాలకి పోతుంది. వాళ్ళ దుకాణం ఒకటి ఆనిస్టన్‌లో ఉంది.

అయితే ఎవరుపడితే వాళ్ళు వెళ్ళి కొనలేరు. అమెరికా పౌరులై ఉండాలి, అనుబంధ క్లబ్బులో సభ్యత్వం చూపించాలి, నేరచరిత్ర లాంటివి చూసే బ్యాక్‌గ్రౌండ్ చెక్ దాటాలి. మన తెలుగువాళ్ళు ఇక్కడ ఒక మాట బాగా గుర్తుంచుకోవాలి. హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప. రేంజిలో స్నేహితుడు "ఒక్కసారి పట్టుకో" అని ఇచ్చినా ఆలోచించాల్సిందే. ఆ ఒక్క పొరపాటు గ్రీన్ కార్డు మీదికి వస్తుంది. మా బామ్మర్ది హెచ్1బీ మీదే ఉన్నాడు. అందుకే బయల్దేరే ముందే చెప్పాను: "ఒరేయ్, నువ్వు చూడు, ఫొటోలు తియ్యి, స్కోరు చెప్పు. చెయ్యి మాత్రం వెయ్యకు." వాడు బుద్ధిగా సరేనన్నాడు.

అలబామాలోకి అడుగుపెట్టగానే గడియారం గంట వెనక్కి వెళ్ళింది. దుకాణం తెరవడానికి చాలా టైముంది. ఊళ్ళోకి వెళ్ళి పాత గ్రేహౌండ్ బస్ స్టేషన్ దగ్గర ఆగాం. 1961 మే 14న, మదర్స్ డే రోజు, ఫ్రీడం రైడర్స్ ఎక్కిన బస్సు మీద ఇక్కడే అల్లరిమూక దాడి చేసింది. టైర్లు కోశారు. బస్సు ఎలాగో ఊరు దాటింది గానీ గాలిపోయి హైవే పక్కన ఆగిపోయింది. వెంటాడుతూ వచ్చినవాళ్ళు దానికి నిప్పుపెట్టారు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి బస్సులో కూర్చున్నందుకు. 2017లో దీన్ని జాతీయ స్మారకం చేశారు. ఇరుకైన సందు, గోడ మీద ఆ బస్సు బొమ్మ. పొద్దున్నే అక్కడ మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. చేతిలో ఏ ఆయుధమూ లేకుండా, కొడతారని తెలిసే ఆ బస్సెక్కినవాళ్ళు వాళ్ళు. నేను తుపాకి కొనడానికి వచ్చిన ఊళ్ళో మొదట చూసింది ఆ గోడ. చాలాసేపు మాటలు రాలేదు. మావాడు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

దుకాణంలో అడుగుపెట్టగానే ముక్కుకి తగిలింది నూనె, పాత చెక్క కలిసిన వాసన. ర్యాకుల నిండా గారండ్లు, వరసగా నిలబెట్టి. ప్రతిదానికీ ఒక చీటీ కట్టి ఉంది.

ఈ రైఫిల్ సంగతి కాస్త చెప్పాలి. జాన్ గారండ్ కెనడాలో పుట్టి మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో పనిచేసిన ఇంజనీరు. 1936లో అమెరికా సైన్యం ఆయన రైఫిల్‌ని తీసుకుంది. మిగతా దేశాల సైనికులు ఒక్కో తూటాకీ బోల్టు లాగుతున్న కాలంలో, దీనికి ట్రిగ్గర్ నొక్కితే చాలు, నొక్కిన ప్రతిసారీ ఒకటి చొప్పున ఎనిమిది పేలేవి. మొత్తం 50 లక్షలకి పైగా తయారయ్యాయి. పేటెంటు హక్కుల్ని ఆయన ప్రభుత్వానికే రాసిచ్చేశారు. రాయల్టీ ఒక్క డాలరు తీసుకోలేదు. ఆయనకి లక్ష డాలర్లు ఇవ్వాలని కాంగ్రెస్‌లో బిల్లు పెట్టినా అది నెగ్గలేదు. ఇది చదివినప్పుడల్లా నాకు బాధనిపిస్తుంది.

ర్యాకులో నా కన్ను ముందు పడింది కొత్త వాల్‌నట్ చెక్కతో మెరిసిపోతున్నదాని మీద. దాని పక్కనే ఇంకొకటి. చెక్క నిండా గాట్లు, ఒకచోట నల్లటి మరక, చేతిపట్టు రంగు ఒకటి, కింది చెక్క రంగు మరొకటి. "ఆ మొదటిదే బావుంది బావా" అన్నాడు మావాడు. ఎవరైనా అదే అంటారు.

చీటీలు చదివాను. చీటీ మీద రెండు అంకెలు ఉంటాయి. ఒకటి తూటా కూర్చునే గది ముందు గొంతు ఎంత అరిగిందో చెబుతుంది. రెండోది గొట్టం మూతి ఎంత అరిగిందో. రెండూ ఎంత తక్కువుంటే అంత మంచిది. గొంతు అరిగేది కాల్పుల వేడికి. మూతి అరిగేది మాత్రం ఎక్కువగా శుభ్రం చేయడం వల్ల. గారండ్‌లో వెనకనుంచి కడ్డీ దూర్చే దారి లేదు. సైనికులు మూతిలోంచే స్టీలు కడ్డీ పెట్టి తోమేవారు. ఏళ్ళ తరబడి ఆ కడ్డీ రాసుకుని, గొట్టం లోపల తూటాని తిప్పే మెలికల గాడులు మూతి దగ్గర పోతాయి. తూటా తుపాకిని వదిలే ఆఖరి చోటు అదే. అక్కడ సమంగా లేకపోతే గురి చెదురుతుంది. కాల్చి పాడైన వాటికంటే తోమి పాడైన గారండ్లే ఎక్కువని మా క్లబ్బులో పెద్దాయన ఒకరు చెబుతుంటారు.

మెరిసేదానికి గొంతు 4, మూతి 3. గాట్లదానికి గొంతు 2, మూతి 1.

అక్కడితో ఆగకుండా చిన్న లైటు పెట్టి గొట్టంలోకి చూశాను. గాడులు పదునుగా, గుంతలు లేకుండా ఉన్నాయి. ట్రిగ్గర్ గార్డు తెరిచి మూశాను. చివరి కొంచెం దూరం బలంగా నొక్కితేగానీ అది పడకూడదు. వదులుగా పడితే చెక్క అరిగిపోయి ఇనుప భాగాన్ని గట్టిగా పట్టుకోవట్లేదని అర్థం. ఇది బిగువుగా పడింది. బోల్టు కదిలే ఇనుప భాగం, రిసీవర్, వెనక చెక్కలో చీలికలున్నాయేమో వేలితో తడిమాను. లేవు. బోల్టుని నడిపే ఆపరేటింగ్ రాడ్‌ని వెనక్కి లాగితే గొట్టం పక్కన అక్షరాలు కనిపించాయి: ఎస్ఏ, 3, 53. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ, 1953 మార్చి. సీరియల్ నంబరు కూడా ఆ రోజులదే. కొరియా యుద్ధం ఆగడానికి ఇంకా నాలుగు నెలలుంది అప్పటికి. ఆ తర్వాత ఎక్కడెక్కడ తిరిగిందో. గ్రీసుకీ డెన్మార్కుకీ ఫిలిప్పీన్స్‌కీ అప్పిచ్చి వెనక్కి తెచ్చుకున్నవి చాలా ఉన్నాయి. ఆ నల్లటి మరక ఏ దేశపు చెమటో.

దుకాణంలో రెండు గంటలు గడిపాం. ఎవరూ తొందరపెట్టలేదు. గాట్లదే తీసుకున్నాను. చెక్క బావోలేదని కింది గ్రేడులో పెట్టారు కాబట్టి వెయ్యి డాలర్ల లోపే అయింది. కాగితాలు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అన్నీ పూర్తయ్యాక ఒక పెట్టె తూటాలు కూడా కొన్నాను. ఇక్కడా జాగ్రత్త ఉంది. గారండ్ తూటా .30-06. అదే పేరుతో వేటకి అమ్మే ఘాటైన కొత్త తూటాలు వాడితే గ్యాస్ ఒత్తిడికి ఆపరేటింగ్ రాడ్ వంగిపోవచ్చు. పాత సైనిక ఎం2 తూటా కొలతకి, 150 గ్రెయిన్ల బరువున్న గుండుతో, గారండ్ కోసమే చేసినవి అడిగి తీసుకోవాలి.

ఖాళీ తుపాకి పెట్టెలో, తాళం వేసి, డిక్కీలో. తూటాలు విడిగా. అలా టల్లడేగా వైపు సాగాం. కారు పందాల స్పీడ్‌వే ఉన్న టల్లడేగానే. సీఎంపీ అక్కడ 2015లో మార్క్స్‌మన్‌షిప్ పార్కు తెరిచింది. 500 ఎకరాలు, 600 గజాల దాకా రేంజి. టార్గెట్ దగ్గరికి నడవక్కర్లేదు. టార్గెట్టే తూటా దాటిన శబ్దాన్ని పట్టుకుని అది ఎక్కడ తగిలిందో మన పక్కనున్న తెర మీద చూపిస్తుంది.

ముందు బల్ల మీద పెట్టి గొట్టంలో గుడ్డ ముక్కలు దూర్చి నూనె తీసేశాను. మూతి దగ్గర కడ్డీ తగలకుండా గైడు పెట్టి. బోల్టు చెవులకీ రాడ్ జారే గాడికీ గ్రీజు రాశాను. గారండ్‌కి నూనె చాలదు, గ్రీజే కావాలి.

200 గజాలు. బోర్లా పడుకున్నాను, హవల్దారుగారు నేర్పినట్టే. ఎనిమిది తూటాల క్లిప్పుని బొటనవేలితో కిందికి నొక్కాలి, అరచేతి అంచుతో రాడ్‌ని ఆపి ఉంచాలి. లేకపోతే బోల్టు దూసుకొచ్చి బొటనవేలు నలిగిపోతుంది. నెమ్మదిగా చేశాను. ఊపిరి సగం వదిలి ఆపాను.

మొదటి ఎనిమిదీ కిందికీ ఎడమకీ పడ్డాయి, కానీ ఒకచోటే పడ్డాయి. ఆఖరిది పేలగానే ఖాళీ క్లిప్పు టింగుమని ఎగిరి పక్కన పడింది. "అన్నీ కలిసే ఉన్నాయి బావా!" అని వెనకనుంచి మావాడు కేక. సైటు ఒక్క క్లిక్కు తిప్పితే వంద గజాలకి అంగుళం, 200కి రెండంగుళాలు. పైకి నాలుగు, కుడికి మూడు తిప్పాను. రెండో క్లిప్పులో ఎనిమిదింటికి ఆరు నల్లటి వలయంలోకి వెళ్ళాయి. 1953లో చేసిన గొట్టం.

సాయంత్రం దాకా 40 కాల్చాను. భుజం నొప్పెట్టింది, ఆపాలనిపించలేదు. తుపాకి వేడి తగ్గేదాకా నీడలో కూర్చున్నప్పుడు మావాడు అడిగాడు.

"బావా, గ్రీన్ కార్డొస్తే నేనూ కాల్చొచ్చు కదా?"

"కాల్చొచ్చు. దీన్నే కాలుద్దువుగాని."

గ్రీన్ కార్డు లైన్లో ఇంకా ఎన్నేళ్ళుండాలో వాడు చెప్పలేదు, నేనూ అడగలేదు. జార్జియాలోకి తిరిగి రాగానే పొద్దున మిగిలిన గంట మళ్ళీ పోయింది. ఇంటి ముందు కారాపాక వాడి చేతిలో ఒక ఖాళీ క్లిప్పు పెట్టాను. దానికి ఏ చట్టమూ అడ్డు లేదు. వాడు దాన్ని గోరుతో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, జేబులో వేసుకున్నాడు.