కరిచే పట్టులంగా

"అమ్మా, ఈ లంగా నన్ను కరుస్తోంది. నేను వేసుకోను."

భోగి రోజు పొద్దున్న, బయట కారు వేడెక్కుతుంటే, మా తొమ్మిదేళ్ళది అన్న మాట. అమెరికాలోని మినియాపొలిస్‌లో జనవరి అంటే తెలిసిందే. అమ్మ బందరులో కుట్టించి పంపిన చిలకపచ్చ పట్టులంగా, దాని కింద చలికి ఉన్ని లెగ్గింగ్స్. రెండూ రాసుకుని లంగా కాళ్ళకి అతుక్కుపోతోంది. లాగితే చిటచిట. "నాటకాలాడకు" అని అరిచాను, ఇంగ్లీషులో. ఇంట్లో తెలుగే మాట్లాడాలని రూల్ పెట్టింది నేనే. కోపమొచ్చినప్పుడు మాత్రం ఆ రూల్‌కి సెలవు. విసురుగా వెళ్ళి తలుపు పిడి పట్టుకుంటే నన్నూ చురుక్కుమని కరిచింది. అది నవ్వలేదు, అదే ఇంకా మంట.

తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్‌కి ఎలాగూ ఆలస్యమైంది కదా అని స్థిర విద్యుత్తు పాఠం మొదలుపెట్టాను. "సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి, విజాతి ఆవేశాలు ఆకర్షించుకుంటాయి." హైస్కూల్లో బట్టీపట్టింది, ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

"ఆవేశం అంటే? నాన్న నీతో అంటాడే, ఆవేశపడకు అని, అదా?"

పక్క గదిలోంచి మా ఆయన దగ్గు వినిపించింది. కాదు, చార్జ్ అని చెప్పాను. ధనావేశం, ఋణావేశం అని రెండు రకాలన్నాను. ధనం అంటే డబ్బు, ఋణం అంటే అప్పు అని కూడా చెప్పి ఇరుక్కుపోయాను. పట్టుతో గాజుని రుద్దితే గాజులోని ఎలక్ట్రాన్లు కొన్ని పట్టుకి చేరతాయి, పట్టుది ఋణావేశం. "అంటే ఎక్కువ ఉన్నదానికి అప్పున్నట్టా? అదేం పేరు?" అంది. న్యాయమైన ప్రశ్నే. 1747లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ రుద్దిన గాజులో విద్యుత్తు ఎక్కువై ఉంటుందని ఊహించి దానికి ప్లస్ అని పేరు పెట్టాడు. ఎలక్ట్రాన్ బయటపడింది 1897లో. అప్పటికి ఆ ఊహ పుస్తకాల్లో స్థిరపడిపోయింది.

నిజం చెప్పాలంటే ఈ పాఠం నేను కళ్ళతో చూసింది ఈ దేశం వచ్చాకే. బందరు గాలిలో ఎప్పుడూ తేమే. రుద్దిన దువ్వెన మీద చేరిన ఆవేశం ఆ తేమలోంచే జారిపోతుంది. మా సైన్స్ మాస్టారు దువ్వెనని తలకి రుద్దీ రుద్దీ కాగితం ముక్కల మీద పెడితే ఒక్కటీ లేవలేదు. "లేచాయనే రాసుకోండి" అన్నారు. రాసుకున్నాం, మార్కులూ వచ్చాయి. నా దగ్గర మాటలున్నాయి, చూసింది లేదు. మా పిల్లని రోజూ తలుపు పిడి కరుస్తుంది, అది చెప్పడానికి తెలుగు మాట దాని దగ్గర లేదు. కరవడం అన్నది దాని సొంత మాట, నాదానికంటే బాగుంది కూడా.

ఇక్కడితో ఆగుంటే పోయేది. 1785లో కూలుంబ్ అనే శాస్త్రవేత్త కొలిచి చెప్పాడు, రెండు ఆవేశాల మధ్య దూరం రెట్టింపైతే బలం పావు వంతుకి పడిపోతుందని చెప్పి, "మరి ఇండియా ఎంత దూరమో చూడు" అన్నాను గొంతు కాస్త బరువు చేసి.

"సో?" అంది.

సో ఏమిటో నాకూ తెలియలేదు.

ఇలాంటి తిప్పలున్న అమ్మలకి నా సలహా: లోపల నూలు పరికిణీ వెయ్యండి, గదిలో హ్యూమిడిఫైయర్ పెట్టండి, తొడిగేముందు లంగా లోపలివైపు ఇనుప హ్యాంగర్ ఒకసారి రుద్దండి, ఆవేశం చాలావరకు పోతుంది. అన్నీ పనిచేస్తాయి. కరవని లంగా అయితే మాత్రం అది వేసుకునేదా? ఆ మాట అడగలేదు. అడిగితే జవాబు చెప్పేస్తుందని భయం. పైగా ఆ రోజు నేను కట్టుకున్నది పట్టుచీరా? జీన్స్ మీద కుర్తా. "నువ్వెందుకు వేసుకోలేదు?" అంటే, "చలి కదే" అన్నాను. అది నావైపు చూసిన చూపు మా అమ్మదే.

చివరికి హుడీలోనే వచ్చింది. భోగిపళ్ళు పోయించుకున్న చంటిపిల్లల దగ్గర చిల్లర ఏరింది, జంతికలు తింది, తిరిగొస్తూ కారులో నిద్రపోయింది.

రాత్రి అమ్మ వీడియో కాల్ చేసి లంగా ఫోటో పంపలేదేమని అడిగింది. "పొట్టయిపోయిందమ్మా, ఎదిగిపోయింది" అన్నాను. అమ్మ మొహం వెలిగిపోయింది. "ఈసారి లోపలికి మూడు మడతలు పెట్టించి కుట్టిస్తాలే, నాలుగేళ్ళు వస్తుంది. కొలతలు పంపు" అంది.

ఇంకా పంపలేదు.