పేర్ల పట్టింపు

ఆదివారం. ఆరాధనకు వెళ్లేలోపు అగస్టీన్ రాసిన ‘దేవుని నగరం’ పుస్తకం ఐదో భాగం చదవడం పూర్తయింది. 410లో గోత్ జాతి సైన్యం రోమ్‌ను దోచుకున్నాక, పాత దేవతలను వదిలేసినందుకే ఈ గతి పట్టిందని జనం క్రైస్తవులను ఆడిపోసుకున్నారు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పోలో బిషప్‌గా ఉన్న ఆయన, దానికి జవాబుగా 22 భాగాలు రాశాడు. ఓపిక!

పాత రోమన్లను నడిపించింది కీర్తికాంక్ష అంటాడాయన. అదీ దుర్గుణమే, కాకపోతే ధనాశ లాంటి అంతకన్నా పెద్ద దుర్గుణాలను అదుపులో పెట్టింది. అందుకు దేవుడు వాళ్లకు రాజ్యం ఇచ్చాడు, పేరు ఇచ్చాడు. "వారు తమ ఫలము పొందియున్నారు" అన్న మత్తయి సువార్త మాటను తెచ్చి అక్కడితో వాళ్ల ఖాతా మూసేస్తాడు. మరి పేరు మీద కూడా మోజు లేక, అధికారం ఒక్కటే కావాలనుకునేవాడో? వాడు క్రూరత్వంలో మృగాలను మించిపోతాడట. ఉదాహరణ రోమ్ చక్రవర్తి నీరో.

దారిలో మంచినీటి ట్యాంకు మీద నాయకుడి బొమ్మ చూస్తే రోజూ వచ్చే చిరాకు ఇవాళ రాలేదు. జనం ఏమనుకుంటారోనన్న బెదురు ఆయనలో ఇంకా మిగిలే ఉందన్నమాట.

ఆరాధన తర్వాత సంఘ పెద్దల సమావేశం. ప్రహరీ గోడ శిలాఫలకం మీద ఎవరి పేరు ముందుండాలని చర్చ. గోడకు ఇంకా సున్నం కూడా వేయలేదు. మాటా మాటా పెరుగుతుండగా కరెంటు పోయింది, ఫ్యాన్లు ఆగాయి. అప్పుడు కనబడ్డాయి రెక్కల మీద దాతల పేర్లు: ఒకదాని మీద భర్త, ఒకదాని మీద భార్య, మూడోదాని మీద "కానుక". తిరుగుతున్నంతసేపూ ఎవరి కంటికీ ఆనని పేర్లు, ఎంత ముచ్చటగా రాయించారో!

ఊరుకోలేక వలేరియస్ సంగతి చెప్పాను. రోమ్‌లో కాన్సుల్‌గా, అంటే అత్యున్నత పాలకుడిగా ఉండి, చనిపోయేనాటికి ఇంట్లో ఏమీ లేక, జనం చందాలు వేసుకుని సమాధి చేశారు. ఈ లోకపు పట్టణం కోసమే వాళ్లంత చేశాక, పరలోక పట్టణం పేరు చెప్పి మనం కాస్త ఇచ్చి గొప్పలు పోవచ్చా అని అగస్టీన్ నిలదీస్తాడు.

"మంచి సాక్ష్యం మాస్టారూ, ఆయనది ఏ సంఘం?" అన్నారు మా కోశాధికారి.

క్రీస్తుకు దాదాపు 500 ఏళ్ల ముందువాడని చెప్పాను. కాసేపు తర్జనభర్జన పడి, పేర్లు అక్షరక్రమంలో వేయించాలని తీర్మానించారు. ప్రతిపాదించింది కోశాధికారి గారే. ఆయన పేరు ‘అ’తో మొదలవుతుంది.