ఇవి పాలు కావమ్మా

కార్తీక మాసం వచ్చిందంటే గోదావరి జిల్లాల్లో ఆదివారం సాయంత్రాలు పంచారామాల బస్సులతోనే మొదలవుతాయి. ముందు అద్దానికి బంతిపూల దండ, తలుపు పక్కన మంచినీళ్ళ డబ్బాలు, వెనక సీటు మీద పులిహోర బుట్టలు. రాత్రంతా ప్రయాణించి తెల్లవారుజామున అమరావతి చేరి కృష్ణలో మునిగి అమరేశ్వరుడిని సేవించుకోవడం, తిరుగుదారిలో భీమవరం గునుపూడి సోమేశ్వరుడు, పాలకొల్లు క్షీరారామలింగేశ్వరుడు, ఆపైన ద్రాక్షారామ భీమేశ్వరుడు, చీకటి పడ్డాక సామర్లకోట కుమార భీమేశ్వరుడు. 24 గంటల్లో అయిదు ఆరామాలు. రాజోలు దగ్గర మా ఊరి నుంచి బయలుదేరే బస్సుకు పదకొండేళ్ళుగా సీట్లు రాసేదీ, డబ్బు వసూలు చేసేదీ, ప్రతి గుడి దగ్గరా తలలు లెక్కపెట్టి “పోనీయవయ్యా” అని డ్రైవరుకు చెప్పేదీ నేనే. కనుక ఈ వ్యాసంలో ఎవరినైనా తప్పుపడుతున్నట్టు కనిపిస్తే, ఆ ఎవరిలో మొదటివాణ్ణి నేనేనని చదివేవారు గ్రహించాలి.

మొన్నటి కార్తీకంలో రెండో సోమవారం యాత్రకు మా చెల్లెలు తన కొడుకును నాతో పంపింది. వాడు భీమవరంలో ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్నాడు. మొదటి ఏడాది సబ్జెక్టులు మూడు మిగిలిపోయాయని అది స్వామికి మొక్కుకుంది. మొక్కు తల్లిది, ప్రయాణం పిల్లవాడిది. బస్సెక్కేటప్పుడే వాడి ముఖం ముడుచుకుని ఉంది. “నేను చదవకపోతే పోయిన సబ్జెక్టులకి శివుడేం చేస్తాడు మావయ్యా” అన్నాడు. నేను ఉపాధ్యాయుడిగా ముప్ఫై ఏళ్ళు పని చేసినవాణ్ణి. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. దొరకలేదు కనుకనే కసిరి కూర్చోబెట్టాను. వాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కిటికీకి తల ఆనించుకున్నాడు.

అమరావతిలో అంతా మామూలుగానే జరిగింది. అక్కడి లింగం అర్చకులు మెట్లెక్కి అభిషేకం చేయవలసినంత ఎత్తైనది కనుక ఎంత తొందరలోనైనా కంటపడకుండా ఉండదు. చిక్కు భీమవరంలో వచ్చింది.

దారిలో నేను పిల్లలకు స్థలపురాణాలు చెబుతూ వచ్చాను. తారకాసురుని కంఠంలోని ఆత్మలింగాన్ని కుమారస్వామి ఛేదించగా అది అయిదు ముక్కలైందనీ, వాటిని ఇంద్రుడు, సూర్యుడు, చంద్రుడు, విష్ణువు, కుమారస్వామి అయిదు చోట్ల ప్రతిష్ఠించారనీ, చంద్రుడు ప్రతిష్ఠించినది కనుక గునుపూడి లింగం పౌర్ణమికి తెల్లగానూ అమావాస్య నాటికి నల్లబారినట్టుగానూ ఉంటుందనీ చెప్పాను. వాడు వింటున్నాడని నేననుకోలేదు. వరుసలో గంటకు పైగా నిలబడ్డాం. శివుడి పైఅంతస్తులో అన్నపూర్ణమ్మ కొలువై ఉండడం అక్కడి విశేషం. మా బస్సులోని ఆడవాళ్ళు అప్పటికే పైకి వెళ్ళే మెట్ల వైపు చూస్తున్నారు. గర్భాలయం ఎదుటికి రాగానే “కదలండి, కదలండి” అన్న కేక వినిపించింది. నేను చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, పంచాక్షరి మూడుసార్లు అనుకునేలోపే వెనక నుంచి వచ్చిన తోపుడుకు బయటపడ్డాను.

చంద్రకుండం గట్టు మీదికి వచ్చాక వాడు అడిగాడు. “మావయ్యా, రంగు మారుతుందన్నావు కదా, ఇవాళ ఏ రంగులో ఉంది?”

నేను చెప్పలేకపోయాను. పదకొండు కార్తీకాలు ఆ స్వామి ఎదుట నిలబడ్డాను. ఒక్కసారీ చూడలేదు. పదకొండుసార్లూ సరిగ్గా ఆ క్షణంలోనే కళ్ళు మూసుకున్నాను.

“నువ్వు కళ్ళు మూసుకున్నావు. నేను చూద్దామనుకునేలోపు నెట్టేశారు. ఇది దర్శనం ఎలా అవుతుంది?” అన్నాడు. పక్కనే ఉసిరికాయ మీద దీపం వెలిగిస్తున్న మా ఊరి పెద్దావిడ ఒకరు విని, “తప్పు నాయనా, అలా అనకూడదు, కళ్ళు పోతాయి” అన్నారు. వాడు ఆవిడ ముఖమూ నా ముఖమూ మార్చి మార్చి చూసి, “నేను రూముకు పోతాను మావయ్యా, అమ్మకు నువ్వే చెప్పు” అని బస్సులోంచి తన సంచీ తీసుకుని ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. నేను తలలు లెక్కపెట్టాను. ఒకటి తగ్గింది. “పోనీయవయ్యా” అన్నాను.

పాలకొల్లు చేరేసరికి పన్నెండు దాటింది. తొమ్మిది అంతస్తుల ఆ పెద్ద గోపురం 120 అడుగుల ఎత్తున కొబ్బరి తలల మీదుగా దూరం నుంచే కనబడుతుంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు మా అమ్మమ్మ జ్ఞాపకం వస్తుంది. ఆ రోజు ఆమెతో పాటు మరొకరు కూడా జ్ఞాపకం వచ్చారు. ఈ ఊరికి పాలకొల్లు అనీ క్షీరపురి అనీ పేరు రావడానికి కారకుడైన బాలుడు, ఉపమన్యువు.

కథ అందరికీ తెలిసిందే. మహాభారతం ఆనుశాసనిక పర్వంలో ఉపమన్యువే దాన్ని శ్రీకృష్ణుడికి స్వయంగా చెప్పుకుంటాడు. వ్యాఘ్రపాదుడి కొడుకు, చిన్నవాడు, మరో ఆశ్రమంలో పాలు రుచి చూసి వచ్చి తల్లిని పాలన్నం పెట్టమన్నాడు. ఇంట్లో పాలెక్కడివి? తల్లి పిండిని నీళ్ళలో కలిపి పాలని ఇచ్చింది. వాడు నోట పెట్టుకుని “అమ్మా, ఇవి పాలు కావు” అన్నాడు. ఇక్కడి నుంచి మన పౌరాణికులు గబగబా హిమవంతానికి పరుగెత్తుతారు. అక్కడి తపస్సు, ఇంద్రుడి వేషంలో వచ్చిన శివుడు, వరాల పరీక్ష, చివరికి పాలసముద్రం. నేను మాత్రం చాలా ఏళ్ళుగా ఆ వంటింట్లోనే ఆగిపోతున్నాను. ఆ కథకు అసలు గర్భాలయం ఆ పిండినీళ్ళ గిన్నె దగ్గరే ఉందని నా నమ్మకం.

పిండినీళ్ళను తలచుకోండి. తెల్లగానే ఉంటాయి. చిక్కగానే కనిపిస్తాయి. గిన్నెలో పోసి దూరం నుంచి చూపిస్తే పాలు అనడానికి అభ్యంతరమేమీ ఉండదు. తేడా నాలుకకు తప్ప కంటికి తెలియదు. ఆ నాలుకకైనా ఎలా తెలిసింది? అంతకు ముందు ఒక్కసారి నిజం పాలు తగిలాయి కనుక తెలిసింది. జీవితంలో ఒక్కసారైనా పాలు ఎరగని పిల్లవాడు ఆ పిండినీళ్ళనే పాలనుకుని జన్మంతా తాగుతాడు, తన పిల్లలకూ అవే కలిపి పెడతాడు. ఇక్కడ నేను ఎవరి గురించి చెబుతున్నానో వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఆ తల్లి. ఆమె మోసగత్తె కాదు, పేదరాలు. పిల్లవాడి ఏడుపు ఆపడానికి చేతనైనది చేసింది. కాని “ఇవి పాలు కావు” అని వాడన్నప్పుడు ఆమె ఏమన్నదో చూడండి. నోరు మూసుకుని తాగమనలేదు. కళ్ళు పోతాయనలేదు. బిడ్డను దగ్గరకు తీసుకుని, తల మూర్కొని, కన్నీళ్ళతో ఉన్నమాట చెప్పింది. అడవిలో కందమూలాలు తిని బతికే మనకు పాలెక్కడివి నాయనా, అవి ఇచ్చేవాడు శంకరుడు, ఆయనను అడుగు అన్నది. తన గిన్నెలో ఉన్నది పాలు కావని ఒప్పుకున్న తరువాతనే పాలున్న చోటు చూపించగలిగింది. ఆమె ఒప్పుకోకపోతే ఉపమన్యువు లేడు, క్షీరపురి లేదు.

ఆ పిల్లవాడు తరువాత మరోసారి కాదన్నాడు. ఇంద్రరూపంలో వచ్చినవాడు వరాలిస్తానంటే, నీవిచ్చే ముల్లోకాల రాజ్యం నాకు వద్దు, శంకరుడి ఆజ్ఞ అయితే పురుగునై పుట్టడానికైనా సిద్ధమే అన్నాడు. పిండినీళ్ళను ఉమ్మిన నాలుకే స్వర్గాన్నీ వద్దన్నది. పరమేశ్వరుడు ఆ కాదనడానికే మెచ్చి గిన్నెడు అడిగినవాడికి సముద్రం ఇచ్చాడు. మనం మాత్రం కాదన్న పిల్లవాడిని భక్తి లేనివాడంటాం, ఏదడిగితే అదిచ్చే స్వామిగా ఇంద్రుడి వేషం దగ్గరే శివుణ్ణి ఆపేసి మార్కుల కోసం మొక్కుతాం.

మా అమ్మమ్మ సంగతి చెప్పాలి. చించినాడ వంతెన లేని రోజులవి. ఒక కార్తీక సోమవారం తెల్లవారకముందే నన్ను లేపి, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించి గోదావరి పాయ వశిష్ఠను దాటించి, నరసాపురం నుంచి బస్సులో పాలకొల్లు తీసుకువెళ్ళింది. ఊళ్ళో నా తోటివాళ్ళంతా ఆటకు పోతే నన్ను గుడికి లాక్కుపోతోందని నేను దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాను. ఆమె ఒళ్ళో ఇత్తడి చెంబు, దాని మూతికి అరటాకు కప్పి నారతో బిగించి ఉంది. అందులో మా గేదె పాలు, అభిషేకానికి. పంటు మధ్యకు వచ్చేసరికి నాకు ఆకలి వేసి ఆ పాలు కావాలన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు స్వామి సొమ్ము ఎంగిలి చేయకూడదన్నారు. ఆమె నార విప్పి, ఆకును దొప్పగా మడిచి, అందులో పాలు పోసి నా చేతికిచ్చింది. “పిల్లాడడిగితే ఆయన సముద్రమే ఇచ్చాడు. నేను దొప్పెడు ఇవ్వకపోతే ఆయన ముఖం ఎలా చూడను?” అన్నది. అరటాకు వాసన కలిసిన ఆ పచ్చిపాల రుచి, కింద పంటు ఇంజను అదురు, పొగమంచులో కనబడని ఆవలి ఒడ్డు. ఆ రోజు మేము చూసింది ఒక్క గుడి. మండపంలో స్తంభానికి ఆనుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ఆ లింగం ఆత్మలింగంలో పైకొస భాగమని, అందుకే కొప్పు రామలింగేశ్వరుడంటారని ఆమె నాకు వేలితో చూపించి చెప్పింది, నేను చూశాను. ఇవాళ కళ్ళు మూసుకున్నా ఆ పాలవన్నె లింగం కనబడుతుందంటే, ఆనాడు కళ్ళు తెరిచి ఉండబట్టే.

అటువంటి పాలు తాగినవాణ్ణి పదకొండేళ్ళుగా నలభై మందికి పిండినీళ్ళు కలిపి పోస్తున్నాను.

ఆ మధ్యాహ్నం పాలకొల్లులో దర్శనమయ్యాక బస్సు చించినాడ వంతెన మీద వశిష్ఠను, బోడసకుర్రు దగ్గర వైనతేయను, ఎదుర్లంక వారధి మీద గౌతమిని దాటింది. మూడు పాయలు దాటినా తల తిప్పి నదికి నమస్కరించినవాళ్ళు నలుగురైదుగురు కూడా లేరు. మిగిలినవారు భీమవరంలో తీసుకున్న ఫోటోలు చూసుకుంటున్నారు. ద్రాక్షారామలో సప్తగోదావరి గుండం దగ్గర నీళ్ళు చల్లుకోవడానికి పది నిమిషాలిచ్చాను. మాణిక్యాంబ సన్నిధికి కొందరు వెళ్ళలేకపోయారు, అష్టాదశ పీఠాలలో ఒకటైన తల్లి ఎదుట దాకా వచ్చి కూడా! సామర్లకోటలో ఏం చూశామో నాకు గుర్తు లేదు. బస్సెక్కగానే అందరూ “అమ్మయ్య, అయిదూ అయిపోయాయి” అన్నారు. అయిపోవడమేమిటి? ఎక్కాలు అప్పజెప్పి ఊపిరి పీల్చుకునే పిల్లల్లా ఆ మాటేమిటి?

అయ్యా, అమ్మా, చేతులెత్తి చెబుతున్నాను. అయిదూ ఒక్కరోజులోనే చూడాలన్న నియమం నేను చదివినంతలో ఎక్కడా కనబడలేదు. కార్తీకంలో నాలుగు సోమవారాలున్నాయి, ఒక్కోసారి అయిదు వస్తాయి. వారానికొక స్వామిని సేవించండి. అదీ కుదరకపోతే దగ్గరున్న ఒక్క గుడికి వెళ్ళి, జనం పలచబడే దాకా మండపంలో కూర్చోండి. ప్రదక్షిణ శ్లోకంలో “పదే పదే” అన్నారు, అడుగడుగునా అని. ఆ అడుగును అడుగుగా వేయండి. స్వామి ఎదుట కళ్ళు తెరవండి. మీ వెంట వచ్చిన పిల్లవాడు విసుక్కుంటే వాడి నాలుక చెడిందనుకోకండి, మీ గిన్నెలో ఏముందో ఒకసారి రుచి చూసుకోండి.

ఈ మాటే మా ఊళ్ళో చెప్పాను. వచ్చే కార్తీకంలో బస్సు ఒక్క పాలకొల్లుకే వెళుతుంది, పొద్దున వెళ్ళి సాయంత్రం దాకా అక్కడే ఉంటాం, పేర్లు ఇవ్వండి అన్నాను. ఇప్పటికి తొమ్మిదిమంది ఇచ్చారు. “దానికి బస్సెందుకు మాస్టారూ, పెద్ద ఆటో చాలుగా” అని ఒకాయన నవ్వారు. చాలు.

మా చెల్లెలు నాతో వారం రోజులు మాట్లాడలేదు. మొక్కు సగంలో ఆగిందని దాని బాధ. నేను దానికి ఉపమన్యువు కథ చెప్పబోతే, “అన్నయ్యా, నీ పురాణం నీ దగ్గరే ఉంచుకో” అన్నది.

కార్తీక అమావాస్య నాడు రాత్రి పొద్దుపోయాక మేనల్లుడి నుంచి ఫోనులో ఒక సందేశం వచ్చింది. “మావయ్యా, గుడి మూసే వేళకు గునుపూడి వెళ్ళాను. జనం లేరు. పంతులుగారు పావుగంట నిలబడనిచ్చారు. రంగు కొంచెం నల్లగానే ఉన్నట్టుంది, కానీ పక్కనుంచి దీపం వెలుగు పడుతోంది, ఇదీ అని చెప్పలేను. పౌర్ణమికి మళ్ళీ వెళ్ళి చూస్తాను. అమ్మకు చెప్పకు, మళ్ళీ సబ్జెక్టుల గొడవ మొదలెడుతుంది.”

ఇంతవరకు చెప్పలేదు.